ఫైల్ పంపొద్దు, పక్కన కూర్చోండి

పోయిన గురువారం రాత్రి పదకొండున్నరకు ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఆగస్టులో ఖమ్మం నుంచి అమెరికా వచ్చాడు, బ్యాచిలర్స్ మొదటి సెమిస్టర్. గొంతు వణుకుతోంది. "అన్నా, నా ల్యాబ్ రిపోర్ట్ మావాడికి పంపాను. ఇద్దరినీ రేపు కలవమని మెయిల్ వచ్చింది. ఏమవుతుందన్నా?" అతనికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను కానీ ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ల కిందట అదే మెయిల్ నాకూ వచ్చింది.

సిమ్ కార్డు, బ్యాంకు అకౌంటు, సోనామసూరి బియ్యం ఎక్కడ దొరుకుతాయి లాంటివి మీ రూమ్మేట్లు చెబుతారు. నేను అమెరికాలో బ్యాచిలర్స్‌కు వచ్చిన మన పిల్లలకు ఒక్క జనరల్ కెమిస్ట్రీ గురించే చెబుతాను. ఇంజినీరింగ్ అయినా బయాలజీ అయినా చాలామందికి మొదటి ఏడాదిలోనే ఈ కోర్సు తగులుతుంది.

పాఠం మీకు కష్టం కాదు. మోల్ కాన్సెప్ట్, గ్యాస్ లాస్, థర్మోకెమిస్ట్రీ, అటామిక్ స్ట్రక్చర్ చాలావరకు ఇంటర్‌లో చదివినవే. మొదటి మూడు వారాలు "ఇంతేనా?" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మనం 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేసే పరీక్షకు తయారైనవాళ్లం, జవాబు చటుక్కున వచ్చేస్తుంది. ఇక్కడ జవాబు ఒక్కటే రాస్తే సగం మార్కులు కూడా రావు. ప్రతి మెట్టులో యూనిట్లు రాయాలి, చివర్లో సిగ్నిఫికెంట్ ఫిగర్స్ (జవాబులో ఎన్ని అంకెలు ఉంచాలన్నది) సరిచూడాలి. రెండు క్విజ్‌లు పోగొట్టుకుంటే ఇవి మీకే అలవాటవుతాయి. నా టెన్షన్ వాటి గురించి కాదు.

ముందు ఒక మాట సరిగ్గా తెలుసుకోండి. మనకు సిలబస్ అంటే పాఠాల జాబితా. ఇక్కడ సిలబస్ అంటే ఆ కోర్సు నియమాలన్నీ రాసిన కాగితం. మార్కులు ఎలా పంచుతారు, ఆలస్యమైతే ఎంత కోస్తారు, ఎవరితో కలిసి ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నీ అందులోనే ఉంటాయి. కలిసి పనిచేయడం గురించి ఉన్న పేరాను ఈ రోజే చదవండి. హోంవర్క్ కలిసి చేయొచ్చని ఒక ప్రొఫెసర్ రాస్తారు, కూడదని ఇంకొకరు రాస్తారు. ఏఐని వాడొచ్చా లేదా అన్నదీ కోర్సును బట్టి మారుతుంది. పక్క సెక్షన్ వాళ్లను అడిగి తెలుసుకునే విషయం కాదిది.

ఇప్పుడు నా సంగతి. ల్యాబ్‌లో సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం గాఢత కనుక్కునే ప్రయోగం చేశాం. పొటాషియం హైడ్రోజన్ థాలేట్ తూచి, ఫినాఫ్తలీన్ వేసి టైట్రేషన్. రిపోర్ట్ మర్నాడు ఇవ్వాలనగా, రాత్రి నా క్లాస్‌మేట్ ఒకడు "ఒక్కసారి ఫార్మాట్ చూస్తాను రా" అని అడిగాడు. ఇద్దరం గుంటూరు వైపు వాళ్లమే. వచ్చిన మొదటి వారంలో నాకు జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చినవాడు. ఎలా కాదంటాను? పంపాను. నేను లెక్కలో ఆ థాలేట్ మోలార్ మాస్ 204.22 రాయాల్సిన చోట పొరపాటున 240.22 అని కొట్టాను. అదే అంకె వాడి రిపోర్ట్‌లోనూ ఉంది. దిద్దే టీఏకి (టీచింగ్ అసిస్టెంట్‌కి) అంతకన్నా ఏం కావాలి?

ఇద్దరికీ ఆ రిపోర్ట్‌కి సున్నా వేశారు, పైగా హెచ్చరిక లేఖ. నేను ఎవరి నుంచీ ఏమీ తీసుకోలేదు కదా అని వాదించాను. ఇచ్చినవాడిదీ తీసుకున్నవాడిదీ ఒకటే తప్పని సిలబస్‌లో ఉన్న వాక్యం చూపించారు. నేను దాన్ని అంతవరకూ చదవలేదు.

మన దగ్గర రికార్డు ఇవ్వడం స్నేహం. ఇంటర్‌లో ఒకరి రికార్డు క్లాసంతా తిరిగేది, ఎవరూ తప్పనుకునేవారు కాదు. అందులోనూ బ్యూరెట్ రీడింగులు మూడూ ఒకటే రావాలని 20.4, 20.4, 20.4 అని దిద్దుకునేవాళ్లం. ఇక్కడ ఆ పని చేయకండి తమ్ముళ్లూ, చెయ్యనే చెయ్యకండి. 50 మిల్లీలీటర్ల బ్యూరెట్‌లో గీతలు 0.1కి ఒకటి ఉంటే, గీతల మధ్య అంచనా వేసి రెండో దశాంశ స్థానం వరకు రాయాలి. 20.43, 20.51, 20.46 వస్తే వచ్చినవి వచ్చినట్టే రాయండి. నోట్‌బుక్‌లో పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే ఒక్క అడ్డగీత కొట్టి పక్కన సరైనది వేయండి. రీడింగులు తేడాగా వచ్చాయని మార్కులు పెద్దగా పోవు. రీడింగు మార్చడం మాత్రం కాపీ కన్నా పెద్ద తప్పు.

ల్యాబ్ పార్ట్‌నర్ విషయంలో మామూలుగా ఉండే పద్ధతి ఇది: డేటా ఇద్దరిదీ, లెక్కలు, రాత ఎవరివి వాళ్లవి. పార్ట్‌నర్ పేరు రిపోర్ట్ మీద రాయండి. ఏదైనా కారణంతో వేరే గ్రూపు డేటా తీసుకోవాల్సివస్తే ముందే టీఏని అడిగి, ఎవరి దగ్గర తీసుకున్నారో రిపోర్ట్‌లో చెప్పండి.

దీన్నే ఎందుకు ఇంతగా పట్టుకున్నానంటే, మనది ఎఫ్-1 వీసా, అంటే స్టూడెంట్ వీసా. ఇక్కడి పిల్లవాడికి ఒక కోర్సు పోతే వచ్చే ఏడాది మళ్లీ తీసుకుంటాడు. మనం సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉంచుకోవాలి. భయపడి కోర్సు డ్రాప్ చేసి దానికన్నా కిందికి జారితే వీసా స్టేటస్‌కే ఇబ్బంది. డ్రాప్ బటన్ నొక్కే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే అధికారిని) కలిసి అనుమతి అడగాలి, నొక్కాక కాదు. ఇదే తప్పు మళ్లీ జరిగి సస్పెన్షన్ దాకా వెళ్తే ఇంటికి టికెట్టు కొనుక్కోవాల్సి రావచ్చు. అమ్మానాన్న పొలం మీదో ఇంటి మీదో తెచ్చిన లోన్ గుర్తు తెచ్చుకోండి. ఆ "సెండ్" నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి.

అయితే, ఆ మెయిల్ తర్వాత నేను చేసిన రెండో తప్పు మొదటిదానికన్నా పెద్దది. ఎవరితోనూ కూర్చోవడం మానేశాను. ఆరు వారాలు లైబ్రరీలో ఓ మూల ఒంటరిగా చదివాను. రెండో మిడ్‌టర్మ్‌లో 58 వచ్చింది. నాకు అర్థమయ్యాయనుకున్న పాఠాలు అర్థం కాలేదని చెప్పడానికి పక్కన ఎవరూ లేకపోయారు.

1970ల్లో బెర్క్‌లీ యూనివర్సిటీలో యూరి ట్రైస్‌మన్ అనే గణిత పరిశోధకుడు కాలిక్యులస్ విద్యార్థులు ఎలా చదువుతున్నారో దగ్గరుండి గమనించాడు. బాగా నెగ్గుకొస్తున్న చైనీస్ అమెరికన్ విద్యార్థులు ముందు ఎవరి లెక్కలు వాళ్లు చేసుకుని, తర్వాత ఒకచోట చేరి జవాబులు పోల్చుకుని, ఒకరి తప్పు ఒకరు పట్టుకునేవారు. కష్టపడి చదువుతూ కూడా వెనకబడుతున్న నల్లజాతి విద్యార్థుల్లో ఎక్కువమంది ఒంటరిగా చదివేవారు. తేడా తెలివిలో లేదు. ఆ వరుస చూడండి: ముందు ఒంటరిగా, తర్వాత కలిసి. మనం తిరగేసి చేస్తాం, ముందే గుంపుగా కూర్చుని ఒకరు చేసింది అందరం ఎక్కించుకుంటాం.

1990ల మొదట్లో న్యూయార్క్‌లోని సిటీ కాలేజీలో జనరల్ కెమిస్ట్రీ క్లాసులోనే ఒక పద్ధతి మొదలైంది. ఆరు నుంచి ఎనిమిది మంది విద్యార్థులు, వాళ్లకు అంతకుముందు అదే కోర్సు బాగా చేసిన ఒక సీనియర్. ఆ సీనియర్ జవాబులు చెప్పడు, విద్యార్థులకు ఆన్సర్ కీ కూడా ఇవ్వరు. పీర్-లెడ్ టీమ్ లెర్నింగ్ అంటారు. మీ యూనివర్సిటీలో ఇది గానీ, సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ (సీనియర్లు నడిపే అదనపు క్లాసులు) గానీ ఉందేమో చూసి మొదటి వారంలోనే చేరండి.

మీలో మీరు కూర్చున్నా అలాగే చేయండి. లిమిటింగ్ రీఏజెంట్, అంటే చర్యలో ముందు అయిపోయే పదార్థం, నేను ఎలా చెబుతానో చూడండి. ప్లేటుకు రెండు ఇడ్లీ, ఒక వడ. పది ఇడ్లీలు, నాలుగు వడలు ఉంటే ఎన్ని ప్లేట్లు? నాలుగే, రెండు ఇడ్లీలు మిగులుతాయి. హైడ్రోజన్ రెండు మోల్స్‌కి ఆక్సిజన్ ఒక మోల్ కలిసి నీరు కావడమూ అంతే. ఇప్పుడు 10 గ్రాముల హైడ్రోజన్, 10 గ్రాముల ఆక్సిజన్ ఇచ్చానంటే దాదాపు అందరూ తొందరపడి హైడ్రోజనే ముందు అయిపోతుందంటారు. అప్పుడు నేను జవాబు చెప్పను. "వడలు ఎన్నో లెక్కపెట్టావా?" అని అడుగుతాను. గ్రాములను మోల్స్‌లోకి మారిస్తే హైడ్రోజన్ దాదాపు 5, ఆక్సిజన్ సుమారు 0.31. ముందు అయిపోయేది ఆక్సిజన్. నీరు 11.25 గ్రాములు వస్తుంది, హైడ్రోజన్ 8.75 గ్రాములు మిగిలిపోతుంది. పెన్ను మాత్రం అవతలివాడి చేతిలోనే ఉండాలి. చివరికి బోర్డు తుడిచేసి, ఫోటోలు తీసుకోకుండా, ఎవరి గదిలో వాళ్లు మళ్లీ మొదటి నుంచి రాయండి. అలా రాసింది మీ సొంతం.

రాత్రి పదకొండుకు రిపోర్ట్ అడిగిన స్నేహితుడికి ఏం చెప్పాలి? "ఫైల్ పంపను, వీడియో కాల్ చెయ్, నువ్వు ఎక్కడ ఆగావో చూపించు" అనండి. కోపం వస్తుంది, రెండు రోజుల్లో పోతుంది.

ర్యాంకుల భయం ఒకటి వెంట తెచ్చుకుంటారు, పక్కవాడికి నేర్పితే నన్ను దాటిపోతాడని. చాలా కోర్సుల్లో 90 దాటిన ప్రతివాడికీ ఏ గ్రేడే. కర్వ్ (క్లాసులో మిగతావాళ్లతో పోల్చి గ్రేడ్ వేయడం) ఉన్న చోట కూడా చెప్పినవాడికే ఎక్కువ వస్తుందని నా అనుభవం. ఆఫీస్ అవర్స్‌కి, అంటే ప్రొఫెసర్ విద్యార్థుల సందేహాల కోసం కేటాయించిన సమయానికి, వెళ్లండి. ప్రొఫెసర్ తిడతారని బయటే నిలబడి వెనక్కి వచ్చేసినవాళ్లను చూశాను. సగం చేసిన లెక్క పట్టుకుని లోపలికి వెళ్లండి, వాళ్లు మీకోసమే కూర్చుని ఉంటారు.

సరే, ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ లేఖతో నా చదువు ఆగిపోలేదు. ఆ కోర్సు బీ గ్రేడ్‌తో ముగించాను. ఇప్పుడు అదే కోర్సుకు వారానికి ఎనిమిది గంటలు పీర్ లీడర్‌గా క్యాంపస్‌లోనే పనిచేస్తున్నాను. ఖమ్మం తమ్ముడు శుక్రవారం వెళ్లి, జరిగింది జరిగినట్టు ఒప్పుకున్నాడు. ఆ ఒక్క రిపోర్ట్‌కి సున్నా, ఒక హెచ్చరిక, అంతే. కోర్సులో ఇంకా పదకొండు ల్యాబ్‌లు ఉన్నాయి. ఈ శనివారం లైబ్రరీకి ఇద్దరూ వస్తామన్నారు. గ్యాస్ లాస్‌లో ఎక్కడ ఆగిపోయారో ఆ కాగితం తెచ్చుకోమన్నాను.