నాన్న నడక పటం గీయడం ఎలా?

డాక్టర్ ఎప్పుడు అడిగినా మా నాన్నది ఒకటే జవాబు: "బాగానే తిరుగుతున్నానండీ." ఫోన్లో యాప్ కూడా ఆయన పక్షమే. రోజుకి నాలుగు వేల అడుగులు చూపించేది. తీరా చూస్తే అవన్నీ హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి! సీతమ్మధార రైతుబజారుకి వెళ్లడం మానేసి నెల దాటిందని ఏ యాప్ చెబుతుంది? అందుకే పటం గీశాను.

మీరూ గీయండి. చార్టు మధ్యలో మంచం. దాని చుట్టూ వరుసగా వలయాలు: ఇల్లు, గేటు దాకా, మన పేట, ఊరు, ఊరి అవతల. గత 4 వారాల్లో ఎందాకా వెళ్లారు, వారానికి ఎన్నిసార్లు, కర్రో మనిషో తోడు కావాల్సి వచ్చిందా? అన్నీ రాయండి. అమెరికాలో బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీ వాళ్ల లైఫ్ స్పేస్ (మనిషి తిరిగే మేర) ప్రశ్నావళి అడిగేవీ ఇవే. దాంట్లో 0 నుంచి 120 దాకా మార్కులుంటాయి. నేనైతే మార్కులు వేయలేదు, ఏ వలయం ఎప్పుడు ఖాళీ అయిందో చూశానంతే.

అసలు పని ఇప్పుడు. ఒప్పించి, ఆయన వెనకాలే నడవండి. (దొంగచాటుగా వద్దు, ఇట్టే కనిపెట్టేస్తారు.) ఆగిన చోట, దేన్నైనా పట్టుకున్న చోట, వెనక్కి మళ్లిన చోట ఎర్ర చుక్క పెట్టండి. మన వైజాగ్‌లో దూరానికంటే ఎత్తుకే భయపడాలి. వెళ్లేటప్పుడు చేతులూపుకుంటూ దిగిన వాలే, వచ్చేటప్పుడు కూరల సంచితో ఎక్కాలి. ఆ ఎక్కుడులో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నాన్న ఆగి, ఫోన్ తీసి చూశారు. మెసేజీ ఏమీ రాలేదు. ఆయాసం.

ఇంట్లో అయితే గోడలు చూడండి. మా బాత్రూమ్ తలుపు పక్కన, మోచేతి ఎత్తులో, రంగు మీద అరచెయ్యంత జిడ్డు మరక ఉంది. పట్టుకునే రాడ్డు బిగించడానికి వచ్చినతను ఇంకో గోడ చూపించాడు. మరక మీదే బిగించమన్నాను.

చివరగా, కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. పక్కనే మనిషి ఉండాలి. 12 సెకన్లు, ఆ పైన పట్టిందంటే పడిపోయే ముప్పు ఉన్నట్టు. నాన్నకి 15 పట్టింది. పటం చూశాక డాక్టర్ మోకాళ్లు చూడడంతో ఆగకుండా, ఆ ఆయాసానికి ఈసీజీ కూడా రాశారు.

ట్రాన్స్‌ఫార్మర్ ఎదుట టిఫిన్ బండి అతన్ని అడిగితే ఓ స్టూలు వేశాడు. నాన్న ఇప్పుడు దాని మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు.