ఏసీకి మంచు పడుతోందా? కరిగించే ముందు ఒకసారి చూడండి

ఏసీ వేసిన గంట, గంటన్నరకు గాలి సన్నబడుతుంది. లోపల టిక్కుటిక్కుమని చప్పుడు, ఇండోర్ కింద గోడ మీద నీటి చారలు. ముందు కవర్ ఎత్తితే కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాలు, రేకుల వరస) తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. ఫోన్ చేస్తే మెకానిక్ ఇంటికి రాకముందే "గ్యాస్ తగ్గిందండీ" అనేస్తాడు. నిజమే కావచ్చు. కానీ కడగని ఫిల్టర్‌కు కూడా ఇదే మంచు పడుతుంది. ఏది కారణమో మంచు పట్టిన తీరే చెబుతుంది కాబట్టి, కరిగిపోకముందే టార్చి వేసి ఫోటో తీసి పెట్టుకోండి.

మామూలుగా కాయిల్ 5 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటుంది. గాలిలోని తేమ దాని మీద నీళ్లయి డ్రెయిన్ పైపులోంచి పోతుంది. విశాఖ ఉక్కపోతలో ఒకటిన్నర టన్ను ఏసీ నుంచి గంటకు లీటరుకు పైగానే నీళ్లు రావచ్చు. కాయిల్ సున్నా కిందికి దిగితే ఆ నీళ్లే మంచవుతాయి. మంచు గాలికి అడ్డుపడుతుంది, గాలి తగ్గేకొద్దీ కాయిల్ ఇంకా చల్లబడుతుంది. అలాగే నడిపిస్తే ఆవిరి కాని గ్యాస్ ద్రవంగానే కంప్రెసర్‌లోకి వెళ్లి దాన్ని దెబ్బతీస్తుంది. "చల్లగానే ఉందిగా" అని వదిలేయకండి.

కరిగించడానికి రిమోట్‌లో ఫ్యాన్ మోడ్ పెట్టి స్పీడ్ హైలో ఉంచండి. డ్రై, ఆటో మోడ్‌లు వద్దు, వాటిలో కంప్రెసర్ మళ్లీ ఎత్తుకుంటుంది. పూర్తిగా కరగడానికి రెండు మూడు గంటలు పట్టొచ్చు. బ్లోవర్ (లోపల గాలి తోసే చక్రం) మంచుకు తగులుతుంటే ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే స్విచ్) ఆపేసి వదిలేయండి. కింద బకెట్, పాత తువ్వాలు పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో గీకడం, వేడినీళ్లు పోయడం చేయొద్దు. కాయిల్ గొట్టం గోడ చాలా పలుచన, చిన్న గాటు పడినా ఉన్న గ్యాస్ అంతా పోతుంది.

కరిగాక కూల్‌లో 18 డిగ్రీలు, ఫ్యాన్ హై పెట్టి మొదటి ఇరవై నిమిషాలు గమనించండి. ఇండోర్‌ను, అవుట్‌డోర్‌ను కలిపే రెండు పైపుల్లో సన్న పైపు కాయిల్‌కు కలిసే చోట రెండు మూడు వరసలే తెల్లబడి, మిగతా కాయిల్ పొడిగా, కాస్త వెచ్చగా ఉంటే గ్యాస్ తక్కువ. అప్పుడు అవుట్‌డోర్ దగ్గర సన్న పైపు వాల్వ్ మీద కూడా మంచు కనిపిస్తుంది. అలా కాకుండా కాయిల్ అంతా సమంగా తెల్లబడి, లావు పైపు మీద కూడా అవుట్‌డోర్ దాకా మంచు పాకితే గాలి ఆడడం లేదని అర్థం. (అవుట్‌డోర్ బాల్కనీ గ్రిల్ బయట వేలాడుతుంటే వంగి చూడొద్దు, మెకానిక్ చూస్తాడు.)

గాలి లోపమైతే పని చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది. ముందు ఎంసీబీ ఆపండి. ఫిల్టర్ జాలీలను రెండు వారాలకోసారి కడగాలి. గాజువాక, మల్కాపురం, హార్బర్ వైపు ఇళ్లలో వారానికే నల్లబడతాయి, అక్కడ వారంవారం తప్పదు. కుళాయి ధార వెనక వైపు నుంచి పడితే ధూళి వచ్చిన దారినే పోతుంది. నీడలోనే ఆరబెట్టండి. ఎండకు ఫ్రేమ్ వంగితే పక్క సందుల్లోంచి ధూళి దూరుతుంది.

ఫిల్టర్ మెరిసిపోతున్నా గాలి రాకపోతే బ్లోవర్ చూడాలి. కింది ఫ్లాప్ తెరిచి టార్చి వేయండి. పొడవాటి చక్రానికి సన్న రెక్కలుంటాయి, వాటి లోపలి వంపులో అగరుబత్తి పొగ, పోపు జిడ్డు, ధూళి కలిసి తడిసిన నల్ల దూదిలా పేరుకుంటాయి. ఆ వంపు పూడితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం తోయదు. పైపైన తుడిస్తే పోదు. కవర్ కట్టి జెట్ పంపుతో కడిగించాల్సిందే. కాయిల్ రేకుల మీద ధార నేరుగా పడాలి, ఏటవాలుగా కొడితే రేకులు వాలిపోతాయి.

సర్వీస్ అయ్యాకే మంచు మొదలైతే అనుమానం కాయిల్ సెన్సర్ మీద. కాయిల్‌కు అతికిన రాగి గూటిలో ఉండాల్సిన ఆ చిన్న తల బయట వేలాడుతుంటే గది గాలినే కొలుస్తుంది, గడ్డకట్టిన సంగతి బోర్డుకు తెలియదు. మళ్లీ గూట్లో దూర్చితే సరి. ఇంకొకటి: రిమోట్ ఆపిన రెండు మూడు నిమిషాలకు కూడా అవుట్‌డోర్ కంప్రెసర్ తిరుగుతుంటే రిలే (కంప్రెసర్‌కు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్) అతుక్కుపోయింది. అప్పుడు బ్లోవర్ ఆగి ఉంటుంది, లోపల మంచు పేరుకుంటూనే ఉంటుంది. వెంటనే ఎంసీబీ ఆపండి.

ఇక గ్యాస్. ఏసీలో గ్యాస్ ఖర్చవదు, కారితేనే తగ్గుతుంది. లీక్ వెతక్కుండా టాప్-అప్ చేయిస్తే అదే మంచు మళ్లీ వస్తుంది. ముందు మెకానిక్ పెట్టే గేజ్ మీటర్ (గ్యాస్ ప్రెషర్ చూపేది) మీరూ చూడండి. ఆర్32 రకం గ్యాస్ దాదాపు 103 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గర సున్నా డిగ్రీలకు మరుగుతుంది, పాత ఆర్22 సుమారు 57 దగ్గర. ముల్లు అంతకన్నా కిందుంటే కాయిల్ మీద మంచు ఖాయం. ఎండాకాలం ఆర్32 ఏసీలో 120 నుంచి 145 మధ్య ఉంటే బాగున్నట్టే. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ పూర్తి వేగంతో తిరుగుతున్నప్పుడు చూసిన రీడింగే లెక్క. ఫిల్టర్ మురికిగా ఉన్నా ముల్లు కిందికే దిగుతుంది, అందుకే శుభ్రం చేశాకే గేజ్ పెట్టించాలి.

లీక్ ఎక్కువగా ఫ్లేర్ నట్ల (పైపులను బిగించే నట్ల) దగ్గర. గ్యాస్‌తో పాటు నూనె కూడా వస్తుంది కాబట్టి నట్ చుట్టూ జిడ్డుగా ధూళి అంటుకుని ఉంటే అక్కడే సబ్బు నురగ రాయండి, బుడగలు వస్తే లీక్ అక్కడే. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి చూడాలి, తర్వాత వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడపాలి, ఆపైన అవుట్‌డోర్ ప్లేటు మీద రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి గ్యాస్ నింపాలి. ఆర్32 మండే స్వభావం ఉన్నది, కాబట్టి సిస్టమ్‌లో గ్యాస్ ఉండగా బ్రేజింగ్ (గొట్టాన్ని మంటతో అతికే పని) మంట పెట్టనివ్వకండి.

లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ, రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న అవుట్‌డోర్లను ఉప్పుగాలి తినేస్తుంది. నెలకోసారి ఎంసీబీ ఆపి కుళాయి నీళ్లతో కడగండి, ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు వద్దు. రేకులు వేలికి పొడిపొడిగా రాలుతూ, గొట్టంలో రెండు మూడు చోట్ల పిన్‌హోల్స్ దొరికితే ఒక్కో చిల్లుకూ బ్రేజింగ్ చేయించడం దండగ. ఉప్పు తిన్న గొట్టానికి ఆ పక్కనే మరో చిల్లు పడుతుంది. కాయిల్ మార్పించండి.