బంకులో నింపుకునే గ్యాస్‌తో మోటార్‌హోమ్: బ్రిటన్‌లో లాగ్‌బుక్ మార్పించుకునే విధానం

వ్యాన్‌లో పడక, స్టవ్, అల్మారాలు కట్టించుకుని, బంకులో నింపుకునే గ్యాస్ సిలిండర్లు కూడా బిగించుకున్నాక చాలామంది అడిగేది ఒకటే. ఇదంతా వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏకి చెప్పాలా? కొంత చెప్పాలి, కొంత అక్కర్లేదు.

ముందు అక్కర్లేనిది చూద్దాం. ఈ సిలిండర్లను నింపేది కార్లలో ఎల్‌పీజీ పోసే ఆటోగ్యాస్ పంపు దగ్గరే. అందుకని బండి ఇంధనమే మారిపోయిందనుకుని కొందరు లాగ్‌బుక్‌లో, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రంలో, ఆ వివరం మార్పించడానికి బయల్దేరతారు. ఆ అవసరం లేదు. ఇంజన్ ఎల్‌పీజీతో నడిచేలా మార్పిస్తేనే ఇంధనం మార్పు తెలియజేయాలి. స్టవ్, హీటర్, ఫ్రిజ్ కోసం పెట్టుకున్న గ్యాస్‌కు ఇంజన్‌తో సంబంధం లేదు. డీజిల్ బండి కాగితాల్లో డీజిల్ బండిగానే ఉంటుంది.

చెప్పాల్సింది బాడీ టైప్ గురించి, అంటే లాగ్‌బుక్‌లో రాసే బండి రకం గురించి. మామూలు వ్యాన్‌ను నివాసానికి వీలుగా మారిస్తే ఆ సంగతి డీవీఎల్‌ఏకి తెలియజేయాలి. లాగ్‌బుక్‌లో ‘మోటార్ కారవాన్’ (అంటే మోటార్‌హోమే) అని రాయించుకోవాలంటే వీ1006 అనే చెక్‌లిస్ట్ ఫారం నింపి, ఫోటోలు, లాగ్‌బుక్ (వీ5సీ) జతచేసి పోస్టులో పంపాలి. ఫీజు ఏమీ లేదు. దరఖాస్తు పెట్టాల్సింది లాగ్‌బుక్‌లో రిజిస్టర్డ్ కీపర్‌గా పేరున్న మనిషి, బండిలో పని చేసిపెట్టిన వర్క్‌షాపు కాదు.

గ్యాస్ పని ముందు, ఫారం తర్వాత

వీ1006లో గ్యాస్ గురించి అడిగేది చాలా తక్కువ. స్టవ్ బండి నేలకో పక్క గోడకో బిగించి ఉండాలి. సిలిండర్ స్టవ్‌కు దూరంగా వేరేచోట ఉంటే, దాన్నుంచి వచ్చే పైపును బండి బాడీకి శాశ్వతంగా బిగించాలి, సిలిండర్ కదలకుండా ఉండాలి. అంతే. అది ఏ రకం సిలిండరో, ఎక్కడ నింపుతారో, లీకేజీ పరీక్ష చేయించారో లేదో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. డీవీఎల్‌ఏ చూసేది బండి రూపాన్ని, గ్యాస్ భద్రతను కాదు. కాబట్టి ఆ బాధ్యత మొత్తం మన మీదే ఉంటుంది. లాగ్‌బుక్ మారినంత మాత్రాన గ్యాస్ పనికి ఆమోదం వచ్చినట్టు కాదు. ఈ ఒక్క విషయం మాత్రం దయచేసి మనసులో పెట్టుకోండి.

దుకాణంలో ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకునే సిలిండర్ సాధారణంగా గ్యాస్ కంపెనీ సొత్తు. దానికి అడాప్టర్ తగిలించి పంపు దగ్గర నింపే ప్రయత్నం ఎప్పుడూ చేయకూడదు. కంపెనీ ఒప్పుకోదన్నది ఒక కారణం. గ్యాస్ ఎంతవరకు నిండాక ఆపాలో చూసే వాల్వ్ అందులో లేదన్నది అంతకన్నా పెద్ద కారణం. రీఫిల్ కోసం చేసిన సిలిండర్‌లో 80 శాతం నిండగానే లోపలికి గ్యాస్ రాకుండా ఆపే వాల్వ్ ఉంటుంది. లోపలి ఒత్తిడి హద్దు దాటితే బయటికి వదిలే వాల్వ్ కూడా ఉంటుంది. పైన 20 శాతం ఖాళీ ఎందుకంటే, ద్రవంగా ఉన్న ఎల్‌పీజీ ఎండకు బాగా వ్యాకోచిస్తుంది. ఆ ఖాళీ లేకపోతే ద్రవానికి పోయే దారి ఉండదు, సిలిండర్ గోడల మీద ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

సిలిండర్ నిలువుగా ఉండాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వెళ్ళవచ్చు. మోటార్‌హోమ్ ఉపకరణాలు చాలావరకు 30 మిల్లీబార్ ఒత్తిడితో పనిచేసేలా తయారవుతాయి, రెగ్యులేటర్ ఉన్నదే ఆ పనికి. సిలిండర్లు పెట్టే గదికీ పడుకునే చోటికీ మధ్య గాలి చొరబడే సందు ఉండకూడదు. ఆ గది అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం తప్పనిసరి. ప్రొపేన్ గాలికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే కిందికే దిగుతుంది. చలికి మీద చుట్టిన దుప్పటో, వంట సామాను సంచో ఆ రంధ్రానికి అడ్డం పడకుండా చూసుకోండి. ఇలాంటి బండ్లలో ఎల్‌పీజీ అమరిక ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం పేరు బీఎస్ ఈఎన్ 1949. పని చేసే మనిషికి ఆ పేరు చెప్పి, దాని ప్రకారమే చేస్తున్నారా అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని చూసుకోవడం మంచిది.

బరువు లెక్క కూడా ఇప్పుడే చూసుకోవాలి. 11 కిలోల సిలిండర్‌లో పట్టేది సుమారు 21 లీటర్ల ప్రొపేన్. అలాంటివి రెండు పెడితే గ్యాస్ ఒక్కటే 22 కిలోలు, దానికి ఇనుము బరువు అదనం. నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు, మనుషులు ఎక్కాక, మొత్తం బరువుకు సాధారణంగా ఉండే 3,500 కిలోల హద్దు దాటిపోయే వ్యాన్లు తక్కువేం కాదు.

అద్దెకిచ్చే మోటార్‌హోమ్‌లో గ్యాస్ పని, అర్హులైన గ్యాస్ పనివాళ్ళ అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళతోనే చేయించాలని చట్టం చెబుతుంది. సొంతానికి వాడుకునే బండికి ఆ నిబంధన వర్తించకపోయినా, వాళ్ళతోనే చేయించండి. గుర్తింపు కార్డు ముందు వైపు మాత్రమే చూసి వదిలేయొద్దు. ఆ మనిషి ఏ పనులకు అర్హులో వెనక వైపు రాసి ఉంటుంది. అక్కడ ఎల్‌పీజీ, విహార వాహనాలు రెండూ కనబడాలి. ఇళ్ళలో బాయిలర్లు బిగించే అర్హత ఉన్నంత మాత్రాన వ్యాన్ పనికి అర్హత ఉన్నట్టు కాదు. పని అయ్యాక ఒత్తిడి పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోండి. డీవీఎల్‌ఏ దాన్ని అడగదు, కానీ ఇన్సూరెన్స్ వాళ్ళు అడగవచ్చు, రేపు బండి కొనేవాళ్ళు తప్పక అడుగుతారు. కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా అదే రోజు పెట్టించేయండి.

బండి ఎలా కనబడాలి

దరఖాస్తులు ఎక్కువగా వెనక్కి వచ్చేది ఇక్కడే. లోపల ఎంత బాగా కట్టించుకున్నా, రోడ్డు మీద చూసినవాళ్ళకు బయటినుంచి అది మోటార్ కారవాన్‌లా కనబడాలన్నది డీవీఎల్‌ఏ పట్టుదల. బండి ఒక పక్కన కనీసం రెండు కిటికీలు ఉండాలి. డ్రైవర్ తలుపు, పక్క సీటు తలుపుల అద్దాలు ఈ లెక్కలోకి రావు. నివాస భాగంలోకి వెళ్ళడానికి వేరే తలుపు ఉండాలి. రెండు పక్కలా మోటార్ కారవాన్ తరహా గ్రాఫిక్స్, ఏదో ఒక పక్క ఆనింగ్ బార్ (ఎండకు వేసే గుడ్డ పందిరిని బిగించే కడ్డీ), ఎత్తైన పైకప్పు కూడా చూస్తారు. పైకి లేపి దించే పాప్-టాప్‌ను ఎత్తైన కప్పుగా లెక్కించరు. దాంతో పాప్-టాప్ వ్యాన్ల యజమానులకు చాలాసార్లు నిరాశే మిగులుతోంది. అందంగా, సౌకర్యంగా మార్చిన బండికి ఇది అన్యాయమే అనిపిస్తుంది, కానీ నియమం తెలిసే దరఖాస్తు పెట్టడం మేలు.

లోపల కావలసినవి తేలిక. కూర్చోవడానికి సీట్లు, భోజనం బల్ల, పడక, వంట సదుపాయం, సామాను పెట్టుకునే అల్మారా ఉండాలి. సీట్లే మడిచి పడకగా మారినా ఫర్వాలేదు. బల్ల ఊడదీసే రకమైనా సరే, దాన్ని నిలబెట్టే అమరిక మాత్రం నేలకో గోడకో బోల్టులతో, స్క్రూలతో గానీ వెల్డింగ్‌తో గానీ స్థిరంగా ఉండాలి. మడిచి మూల పెట్టే క్యాంపింగ్ బల్ల, చేత్తో ఎత్తి పెట్టే చిన్న స్టవ్ పనికిరావు.

ఫోటోలు, ఫారం

నిర్ణయం చాలావరకు ఫోటోల మీదే జరుగుతుంది కాబట్టి వాటికోసం ఒక పగలు కేటాయించండి. నంబర్ ప్లేటు కనబడేలా ముందునుంచి, వెనకనుంచి తీయండి. రెండు పక్కలా పూర్తి బండి రావాలి. ఆనింగ్ బార్ ఉన్న వైపు ఫోటో దాన్ని మడిచి ఉంచే తీయండి, తెరిస్తే కిటికీలు మరుగున పడతాయి. చాసిస్ నంబర్‌కు దగ్గరనుంచి ఒక ఫోటో, లోపలి వస్తువుల్లో ఒక్కోదానికి ఒక్కోటి.

గ్యాస్ అమరికకు విడిగా ఒక ఫోటో ఉండాలి. సిలిండర్ల గది తలుపు తెరిచి, సిలిండర్ పైనా కిందా బిగించిన రెండు పట్టీలూ, వాటి బకిల్స్‌తో సహా ఫ్రేములోకి రావాలి. రెగ్యులేటర్ దగ్గర మొదలైన పైపు గోడ వెంట క్లిప్పులతో వరసగా బిగించి లోపలికి వెళ్ళడం కనబడాలి. టార్చ్‌లైటు పక్కనుంచి వేస్తే క్లిప్పుల స్క్రూలు స్పష్టంగా వస్తాయి, ఎదురుగా ఫ్లాష్ కొడితే సిలిండర్ మెరుపు తప్ప ఏమీ కనబడదు. స్టవ్ కింద అల్మారా తలుపు తెరిచి, అదే పైపు స్టవ్‌ను చేరే చోటు కూడా తీయండి. పైపు, సిలిండర్ రెండూ బిగించి ఉన్నాయన్న సంగతి ఈ రెండు ఫోటోలతో ఎవరూ అడగకుండానే తేలిపోతుంది.

ఫారంలో బండికి ఉన్నవాటికే టిక్ పెట్టండి. కొత్త తరహా లాగ్‌బుక్‌లో వాహనం మార్పులు రాసేది 1వ సెక్షన్‌లో. ముందుపేజీ మీద రంగురంగుల నంబర్ గళ్ళు ఉంటే అది కొత్తదే. పాతదైతే 7వ సెక్షన్. పంపే ముందు లాగ్‌బుక్ ప్రతి పేజీకీ, ఫారానికీ కాపీ తీసి ఉంచుకోండి. చిరునామా: డీవీఎల్‌ఏ, స్వాన్సీ, ఎస్‌ఏ99 1బీఏ. పోస్టు రసీదు దాచుకోండి. అవసరమనిపిస్తే బండిని తనిఖీకి తీసుకురమ్మని కూడా వాళ్ళు అడగవచ్చు.

జవాబు వచ్చాక

బయటి రూపం సరిపోలేదనుకుంటే ‘మోటార్ కారవాన్’కు బదులు కిటికీలున్న వ్యాన్ అన్న అర్థం వచ్చే వర్గం రాసి పంపుతారు. అలా వచ్చినంత మాత్రాన బండిలో పడుకోకూడదనో గ్యాస్ వాడకూడదనో కాదు. లోటు ఏమిటో ఉత్తరంలో చూసి, అది సరిచేయించి, కొత్త ఫోటోలతో మళ్ళీ దరఖాస్తు పెట్టవచ్చు.

మోటార్ కారవాన్‌కు ఉండే లాభాల గురించి కూడా తెలుసుకోవాలి. ఖాళీ బరువు 3.05 టన్నులు దాటని మోటార్ కారవాన్‌కు కార్ల వేగ పరిమితులే వర్తిస్తాయి. మధ్యలో డివైడర్ లేని సింగిల్ క్యారేజ్‌వేలో గంటకు 60 మైళ్ళు, డివైడర్ ఉన్న డ్యూయల్ క్యారేజ్‌వేలో 70. అదే సరుకు వ్యాన్ అయితే 50, 60. ఏటా చేయించే బండి భద్రతా పరీక్ష ఎంఓటీ కూడా బరువుతో పని లేకుండా క్లాస్ 4లో జరుగుతుంది.

కొత్త లాగ్‌బుక్ చేతికి రాగానే రెండు గళ్ళు చూడండి. డీ.5 దగ్గర బాడీ టైప్ కోరినట్టు మారిందా, పీ.3 దగ్గర ఇంధనం పాతదే ఉందా? పొరపాటున అక్కడ గ్యాస్ అని పడితే వెంటనే సరిచేయించుకోవాలి. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త లాగ్‌బుక్ కాపీ, గ్యాస్ సర్టిఫికెట్ కాపీ రెండూ పంపి, సిలిండర్లు రీఫిల్ రకమని రాతపూర్వకంగా చెప్పండి.

మొదటిసారి నింపుకోవడానికి వెళ్ళేముందు బంకుకు ఫోన్ చేయడం మంచిది. బ్రిటన్‌లో కొన్ని పెద్ద కంపెనీలు తమ బంకుల్లో ఆటోగ్యాస్ అమ్మకం మానేశాయి. కొన్నిచోట్ల ఇలా వంటకు, హీటర్‌కు వాడే సిలిండర్ నింపనివ్వరు. ఫిల్లింగ్ పాయింట్ బండి బయటి గోడకు ఉంటే, గది తలుపు తెరిచి సిలిండర్‌కు నేరుగా పైపు తగిలించే పని ఉండదు, బంకువాళ్ళకూ అభ్యంతరం తక్కువ. నింపేటప్పుడు ఫ్రిజ్, హీటర్, స్టవ్‌లో ఎక్కడా మంట లేకుండా అన్నీ ఆపేయండి. బండితో యూరప్ దేశాలకు వెళ్తుంటే, అక్కడి పంపు నాజిళ్ళకు సరిపడే అడాప్టర్లు వెంట ఉంచుకోండి. బ్రిటన్‌లో వాడే బయోనెట్ రకం కనెక్టర్ ఫ్రాన్స్, ఇటలీలో సరిపడదు, అక్కడ డిష్ రకం వాడతారు. జర్మనీలో ఆక్మే, స్పెయిన్‌లో యూరో నాజిల్ కావాలి.