ఇంట్లోనే ఏరోబిక్ డాన్స్ – 3వ పాఠం: పక్కకి అడుగు

పోయిన పాఠంలో నిలబడ్డ చోటే కవాతు చేశాం. ఇవాళ పక్కకి కదులుదాం. బతుకమ్మ చుట్టూ తిరిగినవాళ్లకీ, కోలాటం వేసినవాళ్లకీ ఈ అడుగు సగం వచ్చినట్టే.

చున్నీ తీసి పక్కన పెట్టండి. టైల్స్ మీద సాక్సులతో వద్దు, జారతారు. ఐదు నిమిషాలు కవాతు చేసి ఒళ్లు వేడెక్కనివ్వండి.

ఇప్పుడు ఒకటి అంటూ కుడికాలు పక్కకి వేయండి. రెండు అంటూ ఎడమకాలు దాని దగ్గరికి తెచ్చి మునివేళ్లు మాత్రం నేలకి తాకించండి. బరువు దాని మీద వేయకూడదు. ఎందుకంటే మూడుకి ఎడమవైపు బయల్దేరాల్సింది ఆ కాలే. కొత్తవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు వెళ్తే ఎనిమిది లెక్క పూర్తవుతుంది. మోకాళ్లు కాస్త వదులుగా ఉంచండి, గెంతకండి. భుజాలు చెవుల దాకా లేచిపోయాయేమో ఓసారి చూసుకోండి. టెన్షన్‌లో ఉన్నవాళ్లకి తెలియకుండానే అవి పైకి పోతాయి.

డాన్స్ చేస్తే ఈఎంఐ తగ్గదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. కానీ కాళ్లు, లెక్క, పాట మూడూ కలపాల్సి వచ్చినప్పుడు పొద్దుటి గొడవని నెమరేసుకునే తీరిక మనసుకి ఉండదు. అందుకే అడుగు మరీ తేలికైపోతే దిక్కు మార్చి చేయండి.

వేగం ఎంతుండాలి? పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మాట కూడా రావట్లేదంటే తగ్గించండి. బీపీ, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి.

పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ అంకె చూసి బెంబేలు పడకండి. అసలు కదలకపోవడం కన్నా కాస్తయినా కదలడం మేలని కూడా ఆ సంస్థే అంది. ఈ వారానికి రోజూ పది నిమిషాలు చాలు.

అయ్యాక గబుక్కున ఆగి సోఫాలో కూలబడకండి. రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరగొచ్చు. మూడు నాలుగు నిమిషాలు గదిలోనే మెల్లగా నడవండి.

వచ్చే పాఠానికి ఒక పాట వెతికి ఉంచుకోండి. గడియారం చూస్తూ దాని దరువుకి చప్పట్లు కొట్టండి. పది సెకన్లలో 20 వస్తే సరిపోతుంది. 25 దాటితే ఆ పాట ఇప్పుడే వద్దు.