బుడగలొస్తే రసాయన మార్పేనా?

రసాయన మార్పుకు గుర్తులేమిటని అడిగితే మా ట్యూషన్ పిల్లలు గడగడా అప్పజెప్తారు: రంగు మారడం, వేడెక్కడం, చల్లబడటం, కొత్త వాసన, బుడగలు, అవక్షేపం (ద్రవంలో ఏర్పడే కరగని పదార్థం). అవన్నీ గ్లాసులో చూసి తేల్చమంటేనే తికమక. అందుకే ఏటా చెన్నై పెరంబూరులో మా మేడ మీద ఈ ప్రయోగం చేయిస్తాను.

ముందురోజు రాత్రే సున్నపు తేట తయారుచేసుకోవాలి. కిళ్లీ కొట్లో తమలపాకుకు రాసే సున్నం అర చెంచా తీసుకుని గ్లాసుడు నీళ్లలో కలిపి మూత పెట్టండి. చెన్నైలో సుణ్ణాంబు అని అడిగితే ఇస్తారు. తెల్లారేసరికి సున్నం అడుక్కి దిగుతుంది. పై తేటను కదపకుండా వంచుకోండి, కళ్లలో పడనివ్వకండి. వడకట్టడానికి కాఫీ ఫిల్టర్ మాత్రం వాడొద్దు. నేను వాడి మా అత్తగారి చేత చివాట్లు తిన్నాను.

లీటరు నీళ్ల సీసా మూతకు కన్నం పెట్టి, చేపల తొట్టికి వాడే సన్న గొట్టం దూర్చి, చుట్టూ చపాతీ పిండి మెత్తండి. గొట్టం నేను కొళత్తూరు చేపల అంగళ్లలో కొన్నాను. రెండో కొస సున్నపు తేటలో మునగాలి. సీసాలో 50 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి, అర చెంచా వంటసోడాను టిష్యూ కాగితంలో చుట్టి లోపల పడేసి, వెంటనే మూత బిగించండి. గొట్టం మడత పడితే సీసా పేలుతుంది, జాగ్రత్త. నురగ గొట్టంలోకి ఎక్కినా ప్రయోగం పాడే. వెనిగర్ కలిస్తే తేట తెల్లబడదు.

బుడగలొస్తాయి. సీసా అడుగు పట్టుకుంటే చల్లగా తగులుతుంది. రసాయన మార్పంటే వేడే పుట్టాలనుకునే పిల్లలు ఇక్కడ నోరు తెరుస్తారు. బుడగల్లోని కార్బన్ డయాక్సైడ్ తగిలి తేట పాలలా మారుతుంది. ఆ తెలుపు కాల్షియం కార్బనేట్. గ్యాసు ఇంకా తేటలోకి వస్తూనే ఉంటే మళ్లీ తేటపడుతుంది, కంగారు పడకండి.

ఇప్పుడు సీసా కడిగి, ప్లెయిన్ గోలీసోడా పోసి ఊపండి. కొత్త తేట పెట్టండి. అదీ తెల్లబడుతుంది! "మిస్, అయితే గోలీసోడాలోనూ రసాయన మార్పేనా?" అని పోయినేడు ఒక పిల్ల అడిగింది. నాకు నచ్చే ప్రశ్న అదే. సున్నపు తేట వచ్చిన గ్యాసు ఏదో చెప్తుంది, అది అప్పుడే పుట్టిందో, ముందే ఉందో చెప్పదు. గోలీసోడాలో ఒత్తిడితో ఎక్కించిన కార్బన్ డయాక్సైడే బయటికొస్తోంది. తేట తెల్లబడటం మాత్రం రెండుసార్లూ రసాయన మార్పే.

తేల్చుకోవాలంటే మిగిలింది చూడాలి. గ్యాసు పోయిన గోలీసోడా ఉత్త నీళ్లే. వెనిగర్ సీసాలో మిగిలింది పళ్లెంలో పోసి ఎండబెట్టండి. మా ఉక్కకు రెండు మూడు రోజులు పడుతుంది. అడుగున తెల్లటి పొర కడుతుంది, వంటసోడాలాగే కనబడుతుంది. దాని మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. పక్కనే చిటికెడు వంటసోడా పెట్టి దాని మీదా వేయండి. వంటసోడా బుస్సున పొంగుతుంది. పళ్లెంలోది ఉలకదు, పలకదు. అది సోడియం అసిటేట్ అనే కొత్త పదార్థం, అంటే సీసాలో జరిగింది రసాయన మార్పే.