నక్షత్ర దూరాల కొలత – 3వ పాఠం: కోణం నుంచి దూరానికి

భూమికీ సూర్యునికీ మధ్య సగటు దూరం సుమారు 14.96 కోట్ల కిలోమీటర్లని, దానినే ఖగోళ ప్రమాణం అంటారని గత పాఠంలో తెలుసుకున్నాం. ఈసారి ఆ దూరాన్ని ఆధారరేఖగా తీసుకుని నక్షత్రం దాకా లెక్క కడదాం.

ఈ రోజు చూసిన నక్షత్రాన్నే ఆరు నెలల తర్వాత మనం దాదాపు 30 కోట్ల కిలోమీటర్ల అవతలి నుంచి చూస్తాం. అందువల్ల దగ్గరి నక్షత్రం, వెనుక ఎంతో దూరంలో ఉన్న మసక నక్షత్రాల నడుమ, కొద్దిగా పక్కకు జరిగినట్లు కనిపిస్తుంది. ఆ మొత్తం జరుగుబాటులో సగమే పారలాక్స్ కోణం. మన ఆధారరేఖ భూకక్ష్య వ్యాసం కాదు, వ్యాసార్ధం. ఈ సంగతి మరచి మొత్తం కోణాన్ని వాడితే దూరం సగమే వస్తుంది.

డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను. పారలాక్స్ సరిగ్గా ఒక ఆర్క్ సెకనుగా ఉండే దూరాన్ని పార్సెక్ అంటారు; అది సుమారు 3.26 కాంతి సంవత్సరాలు. కనుక 1ని ఆర్క్ సెకన్లలోని కోణంతో భాగిస్తే దూరం పార్సెక్కులలో వస్తుంది. సూర్యుణ్ణి మినహాయిస్తే మనకు అన్నిటికన్నా దగ్గరిదైన ప్రాక్సిమా సెంటారీకి సైతం ఈ కోణం 0.768 ఆర్క్ సెకన్లు మాత్రమే, అంటే దూరం 1.30 పార్సెక్కులు.

1838లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ బెస్సెల్ ఈ పద్ధతితో 61 సిగ్ని అనే నక్షత్రం దూరాన్ని ప్రకటించాడు. ఆయన ఎంపికలోని వివేకం గమనించదగ్గది. అది కాంతివంతమైన తార కాదు, కానీ ఏటా 5 ఆర్క్ సెకన్లకు పైగా ఆకాశంలో కదిలిపోతుంది. అంత వేగంగా కదులుతున్నట్లు కనిపించేది దగ్గరలోనే ఉండాలని ఆయన ఊహించాడు. అయితే ఆ సొంత కదలికలో పారలాక్స్ వల్ల కలిగే వార్షికమైన ఊగిసలాట కలిసిపోతుంది కాబట్టి, రెండు పరిశీలనలతో పని జరగదు. ఏడాది పొడవునా పదేపదే కొలిచి, ఆ రెండింటినీ విడదీయాలి.

బెస్సెల్‌కు వచ్చిన కోణం సుమారు 0.314. మన సూత్రం ప్రకారం 3.18 పార్సెక్కులు, అంటే దాదాపు 10.4 కాంతి సంవత్సరాలు. నేటి కొలత 0.286, దూరం 11.4 కాంతి సంవత్సరాలు. ఆర్క్ సెకనులో నూరింట మూడు వంతులైనా లేని తేడా, దూరాన్ని ఒక కాంతి సంవత్సరం మార్చివేసింది. అందుకే కోణం పక్కన దాని దోషపరిమితి (కొలత ఎంతవరకు తప్పి ఉండవచ్చో చెప్పే అంకె) లేకపోతే ఆ దూరాన్ని నేను కొలతగా లెక్కించను. 2013లో ప్రయోగించిన గయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా నక్షత్రాల పారలాక్స్‌లను ఇచ్చింది. ఆ పట్టికలో ప్రతి కోణానికీ దోషపరిమితి కూడా ఉంటుంది.

ఒక నక్షత్రపు కోణం 0.010, దోషం 0.001 అనుకోండి. దూరం 100 పార్సెక్కులు. కానీ అది 91 నుంచి 111 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఎగువ వైపు అంతరం ఎక్కువగా ఉండడం గమనించండి. ఇప్పుడు అదే దోషంతో, 0.002 కోణానికి మీరు లెక్క కట్టి చూడండి.