మేకల చెట్టు దగ్గర కారు ఆపే ముందు

మొరాకోలో మర్రాకేష్ నుంచి ఎస్సౌయిరా వెళ్లే దారిలో ఆర్గాన్ చెట్ల కొమ్మల మీద మేకలు కనిపిస్తాయి. ఫోన్ తీసేలోపు ఇవి చూసుకోండి.

☐ మేకలు కదులుతున్నాయా? పండు కోసం తనంతట తాను ఎక్కిన మేక ఒకచోట ఉండదు. కొమ్మ మారుతుంది, నములుతుంది, తోచినప్పుడు దిగిపోతుంది. బొమ్మల కొలువులా నిలబడి ఉంటే కాళ్ల కింద చూడండి. అక్కడ చెక్క పలక ఉన్నా, కాలికి తాడు ఉన్నా ఎవరో ఎక్కించి పెట్టారన్నమాటే.

☐ చెట్టుకు పండ్లున్నాయా? ఆర్గాన్ పండేది ఎండాకాలంలో. చలికాలంలో చెట్టు నిండా మేకలుంటే కాస్త అనుమానించండి. ఆకుల కోసం కూడా ఎక్కుతాయి కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు.

☐ దగ్గర్లో నీళ్లు, నీడ ఉన్నాయా?

☐ ఫొటోకి డబ్బులడుగుతారు. కాపరి పేదవాడే, కాదనను. కానీ కట్టేసిన మేకకు మీరిచ్చే దిర్హమ్‌లు రేపు కూడా దాన్ని చెట్టెక్కిస్తాయి. ‘కారు ఆపొద్దు’ అని డ్రైవర్‌కి ముందే చెప్పేయండి, మొహమాటం ఉండదు.

☐ మేకపిల్లను చేతిలో పెట్టబోతే వద్దనండి.

☐ ఆర్గాన్ కాయల పప్పు నుంచి తీసే నూనె కొనాలంటే మహిళల సహకార సంఘాలకు వెళ్లండి. అక్కడ ఆడవాళ్లు రాతి మీద కాయ పెట్టి, ఇంకో రాయితో కొట్టి పప్పు తీస్తుంటారు. పప్పు వేయించి తీసిన నూనె తినడానికి, పచ్చిపప్పు నూనె ఒంటికీ జుట్టుకీ. ఏది ఏదో అడిగి తీసుకోండి. తినే రకమైనా మూకుడులో పోసి గారెలు వేయకండి, పైన చల్లుకోవడానికే.